కట్ల సిస్టర్ ప్రార్థనలో ఉంది

పొయ్యి మీద ఒకపక్క జావ, ఇంకోపక్క కట్ల గుడ్డలు కుతకుత ఉడుకుతున్నాయి. వంట సిస్టర్ ఒక చేత్తో జావ కలుపుతూ, రెండో చేత్తో గుడ్డల గిన్నె మీద మూత సరిచేస్తూ, నోటితో కట్ల సిస్టర్‌ని దులిపేస్తోంది.

"నా పొయ్యి మీద నీ పుండ్ల గుడ్డలేమిటక్కా? ఏదో ఒకరోజు పొరపాటున వడ్డించేస్తా, చూడు."

"వడ్డించవే. నీ జావ కంటే బాగున్నాయంటారు," అంది కట్ల సిస్టర్, పాత దుప్పటిని పట్టీలు పట్టీలుగా చింపుతూ.

ఇది రోజూ ఉండే తంతే. ఆ కాన్వెంటులో ఉన్న అరడజను మంది తలో దేశం నుంచి వచ్చినవాళ్ళు. ప్రార్థనకు ఒక భాష, బయటివాళ్ళతో ఒక భాష. పుట్టిన భాషలో పోట్లాడుకునే భాగ్యం వీళ్ళిద్దరికే ఉంది. దాన్ని ఏ పూటా వృథా చేసుకునేవాళ్ళు కాదు.

ఆ పొద్దున మాత్రం వంట సిస్టర్ తిట్లలో పస లేదు. మఠాలన్నిటినీ చూసుకునే పెద్ద మదర్ ముందురోజే వచ్చి దిగింది. వయసు మళ్ళిన సిస్టర్లను సొంత దేశంలోని విశ్రాంతి గృహానికి పంపించే పని మీద తిరుగుతోంది. కట్ల సిస్టర్ సంగతి ఈరోజు తేలుస్తుందట. ఆవిడే వెళ్ళిపోతే ఇక తనను 'ఏమే' అని పిలిచే గొంతు ఈ దేశంలో ఉండదు.

"అక్కా, ఈ ఒక్కరోజు పెద్ద మదర్ ముందు కునుకు తియ్యకు. నీకు దండం పెడతా."

"నేనెప్పుడు తీశానే?" అని కట్ల సిస్టర్ బుకాయించింది. తర్వాత, "ఏమే, నీతో ఒక మాట..." అని ఏదో మొదలుపెట్టింది.

"మాటలు తర్వాత. ముందు ముఖం కడుక్కో. కళ్ళు చూడు, ఎలా ఉన్నాయో."

కట్ల సిస్టర్ కునుకు ఆ పేటంతా ఎరిగిన సంగతే. మనుషుల కాళ్ళు కడుగుతున్నప్పుడు చీమ కూడా ఆవిడ కన్ను దాటి పోలేదు. మందిరంలో కూర్చుంటే చాలు, తల వాలేది, గురక మొదలయ్యేది. ఒకసారి ఆ గురకకు పూజ చేస్తున్న ఫాదర్ చదువుతున్న చోటు మరిచిపోయాడు. "దేవుడు నన్ను చూడగానే జోకొడతాడే, నా తప్పేముంది?" అనేది ఆవిడ. ఆ కాన్వెంటుకు పెద్దదిక్కయిన మదర్ మాత్రం నవ్వేది కాదు. కునుకంటే వయసు, వయసంటే ప్రయాణం. వంట సిస్టర్ భయం అదే.

వంటింటి వెనక రేకుల షెడ్డులో కట్ల సిస్టర్ పని. ఊరి చెత్తంతా పోసే గుట్ట పక్కనే ఆ పేట. గుట్ట మీద ఇనుమూ సీసాలూ ఏరుకునే వాళ్ళ పాదాలకు రోజుకో గాయం. కట్ల సిస్టర్ పీట మీద కూర్చుని, వచ్చినవాళ్ళ పాదాన్ని ఒళ్ళో పెట్టుకునేది. పొట్టి మనిషి, నడుము ఎప్పుడో వంగిపోయింది. మందునీళ్ళలో నాని నాని వేళ్ళు తెల్లగా ఉబ్బి, కణుపుల దగ్గర పగిలి ఉండేవి. ఎన్నేళ్ళున్నా ఆ దేశపు భాష ఆవిడ నాలుకకు పట్టుబడలేదు. వాళ్ళతో సొంత భాషలోనే మాట్లాడేది, వాళ్ళు తమ భాషలో జవాబిచ్చేవాళ్ళు. విచిత్రంగా ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

"కదలకు నాయనా. కదిలావంటే తంతాను," అని ఆ పొద్దున ఒక ముసలాయన మడమలోంచి గాజుపెంకు తీస్తోంది. వంటింటి కిటికీలోంచి వంట సిస్టర్‌కి అంతా కనిపిస్తోంది. ఆయన వెళ్ళాక ఆవిడ గోడ పట్టుకుని లేచింది. అరచెయ్యి రొమ్ము మీద ఆనించుకుని కాసేపు అలాగే నిలబడింది.

"ఏమైందక్కా?"

"గాలి పట్టేసిందే. కాసేపు మందిరంలో కూర్చుని వస్తా."

"కూర్చుంటావా, పడుకుంటావా?"

"నీకెందుకే, జావ మాడుతోంది చూసుకో," అంటూ ఆవిడ వెళ్ళిపోయింది.

భోజనాల వేళ దాటాక కూడా రాలేదు. వంట సిస్టర్ చేతులు తుడుచుకుంటూ వెళ్ళి మందిరం తలుపు కాస్త తీసి చూసింది. వెనక వరసలో, గోడ పక్కన, తల గోడకు ఆనించి కూర్చుని ఉంది. ముసుగు ముఖం మీదికి జారింది. వంట సిస్టర్ చెవి ఒగ్గి విన్నది. గురక లేదు. 'హమ్మయ్య, ఇవాళైనా బుద్ధిగా నిద్రపోతోంది తల్లి' అనుకుంది. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.

వెనక్కి తిరిగేసరికి మదర్.

"కట్ల సిస్టర్ ఏదీ? పెద్ద మదర్ అడుగుతున్నారు."

"ప్రార్థనలో ఉంది, మదర్."

ఆ ఇంట్లో ఆ మాటకు తిరుగులేదు. మందిరంలో క్రీస్తు శరీరంగా కొలిచే సత్ప్రసాదం ఎదుట కూర్చున్న సిస్టర్‌ని ఎవరూ కదిలించకూడదు, మదరైనా సరే. ఇల్లు అంటుకున్నా మనమే నీళ్ళు పోసి ఆర్పుకోవాలి గానీ పిలవకూడదని వంట సిస్టరే వేళాకోళం ఆడేది. ఇప్పుడు ఆ నియమమే అడ్డం పెట్టుకుంది. అబద్ధమే, కానీ అక్క కోసం ఆడిన అబద్ధం. దేవుడు సర్దుకుంటాడులే అనుకుంది.

కాసేపటికి మదర్‌ని వెంటబెట్టుకుని పెద్ద మదర్ తనే వచ్చింది. వంట సిస్టర్ తలుపుకు అడ్డంగా నిలబడి అదే మాట అప్పజెప్పింది.

"ఎప్పటినుంచి?"

"పొద్దుటి పని అయిన దగ్గర్నుంచీనండీ. అన్నం కూడా తినలేదు."

పెద్ద మదర్ తలుపు సందులోంచి చూసింది. ఆ వంగిన వీపునూ కదలని ముసుగునూ చూస్తూ చాలాసేపు నిలబడి సిలువ గుర్తు వేసుకుంది. ఇవతలికి వచ్చి, "ఇలా ప్రార్థించే మనిషిని ఎక్కడికని పంపుతాం? ఇక్కడే ఉండనివ్వండి," అంది. పక్కనున్న మదర్ ఏదో అనబోయి ఊరుకుంది.

వంట సిస్టర్‌కి ఒళ్ళంతా తేలికైపోయింది. వాళ్ళు వరండా మలుపు తిరగడమే ఆలస్యం, మందిరంలోకి పరుగెత్తింది.

"అక్కా, లే. నువ్వెక్కడికీ పోవడం లేదు. లెమ్మంటుంటే!"

భుజం పట్టి కుదిపింది. మనిషి మనిషంతా బిగుసుకుపోయినట్టు పక్కకు ఒరిగింది. చెయ్యి చల్లగా తగిలింది. ఎప్పుడూ నీళ్ళలో నానే చెయ్యి కదా, చల్లగా ఉండదా అనుకుంది వెర్రిది. ముసుగు తొలగించి ముఖం చూసింది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. కళ్ళు పూర్తిగా మూతపడలేదు.

ఆమె వేసిన కేకకు అందరూ పరుగెత్తుకొచ్చారు. "నేనే తలుపేశాను! నేనే ఎవర్నీ రానివ్వలేదు! గురక లేదని సంతోషించాను!" అని గుండెలు బాదుకుంటూ అరుస్తోంది. అంతా తన భాషలో. "ఏమంటోంది?" అని వాళ్ళు ఒకరినొకరు అడుగుతున్నారు. ఆ మాటలు తెలిసిన మనిషి బల్ల మీద పడుకుని ఉంది.

నర్సు సిస్టర్ నాడి చూసి చెయ్యి మెల్లగా కింద పెట్టింది. "చాలాసేపయింది."

వంట సిస్టర్ మాటలు కూడదీసుకుని వాళ్ళ భాషలో అడిగింది. "నేను మొదటిసారి వచ్చి చూశాను. అప్పుడే లేపి ఉంటే?"

"చెప్పలేం, సిస్టర్."

బతికేది కాదంటే ఏడ్చేది. బతికేదంటే ఆ బండల మీదే తల కొట్టుకునేది. చెప్పలేమన్న మాటతో ఏం చేసుకోవాలో ఆమెకు తోచలేదు.

శవానికి తొడగడానికి ఉతికిన అంగీ తెమ్మన్నారు. ఎవరో నడిపిస్తున్నట్టు నడిచి కట్ల సిస్టర్ గదిలోకి వెళ్ళింది. అలమర తీసింది. ఖాళీ. ఇంకో తలుపు తీసింది. అదీ ఖాళీ, తుడిచి ఉంది. పక్క బట్టలు మడిచి ఉన్నాయి. వెనకాల వచ్చిన మదర్ గుమ్మంలో ఆగింది.

"బట్టలేవి, మదర్?"

"తనే సర్దుకుంది," అంది మదర్. "చేతులు వణుకుతున్నాయి, ఎవరి కాలైనా కోసేస్తానేమో, నన్ను పంపించెయ్యండని నిన్న తనే అడిగింది. పెద్ద మదర్‌కి ఈ సాయంత్రం చెబుదామనుకున్నాను."

"నాకు చెప్పలేదే!"

"నీకు తనే చెబుతానంది. పొద్దున చెబుతానంది."

వంట సిస్టర్ నేల మీద కూలబడింది. మాటలు తర్వాత అన్నది తనే. పంపకండని దేవుణ్ణీ మదర్‌నీ లోకాన్నీ వేడుకుంది గానీ, ఉంటావా పోతావా అని అక్కను ఒక్కసారి కూడా అడగలేదు.

అవతలి నుంచి అంగీ కోసం రెండోసారి కేక వేశారు. మంచం కిందికి చెయ్యి చాపింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది. అక్కడ గోధుమరంగు పెట్టె ఒకటి, తాడు బిగించి కట్టి, పట్టుకుని లాగడానికి వీలుగా పిడి ఇటువైపు తిప్పి ఉంది.