అక్క తాగని మందు

పాస్టరుగారి అక్క నొప్పి మందు మానేసి పదకొండు రోజులైంది. ఆవిడ మానేయడానికి కారణం పాస్టరుగారి ప్రసంగమే. సంఘమంతా ఆ పట్టుదలను మెచ్చుకుంది, ఆవిడ కూతురు ఒక్కతే మెచ్చుకోలేదు.

పాస్టరుగారికి యాభై ఎనిమిదేళ్ళు. మైకు పట్టుకుంటే గోడలు దద్దరిల్లాల్సిందే. అక్క ముందు మాత్రం ఇప్పటికీ బుజ్జిగాడే. తల్లి పోయాక కుట్టుమిషను తొక్కి ఆయన్ని చదివించింది ఆవిడే. ఆయన తొడుక్కునే తెల్ల చొక్కాలన్నీ ఆవిడ చేతివే. అలాంటి మనిషికి రొమ్ములో మొదలైన క్యాన్సర్ వెన్నెముకలోకి పాకింది. ఇక ఆసుపత్రితో పని లేదు, నొప్పి తెలియకుండా చూసుకోండి చాలు అని డాక్టరు మార్ఫిన్ సీసా ఇచ్చి ఇంటికి పంపాడు. నాలుగు గంటలకోసారి చిన్న కప్పుతో కొలిచి తాగించాలి.

ఆవిడ ఇంటికొచ్చాక వచ్చిన మొదటి ఆదివారమే పాస్టరుగారు సిలువ మరణం గురించి చెప్పారు. మేకులు కొట్టబోయే ముందు సైనికులు ప్రభువుకు బోళం కలిపిన ద్రాక్షారసం ఇవ్వబోయారట. బాధ తెలియకుండా ఉండటానికి ఇచ్చేది అది. ఆయన వద్దన్నాడు. "ఎందుకు వద్దన్నాడు? మన కోసం పడాల్సిన బాధలో ఒక్క పిసరు కూడా తగ్గించుకోకూడదని! మరి మనమో? తల కాస్త నొప్పెడితే చాలు, మాత్రల డబ్బా ఎక్కడుందని ఇల్లంతా వెతుకుతాం!" అని గొంతు పెంచారు. జనం కళ్ళు తుడుచుకున్నారు. వెనక వరుసలో, చక్రాల కుర్చీలో ఉన్న అక్క కూడా తుడుచుకుంది. ఇంటికి వెళ్ళాక కూతురు కప్పు అందిస్తే మొహం పక్కకి తిప్పేసుకుంది.

ఆ కబురు విన్న వెంటనే ఆయన పరుగెత్తుకు వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. పైపెచ్చు, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, లోలోపల ఉబ్బిపోయారు. ముప్పై ఏళ్ళుగా గొంతు చించుకుంటున్నా సంఘంలో చాడీలు మానినవాడైనా ఒక్కడు లేడు. అలాంటిది, తన మాట విని ఒక మనిషి ఇంత పని చేసింది! తర్వాతి ఆదివారం ఆ సంగతి ప్రసంగంలోకి ఎక్కించేశారు. "మా అక్కను చూడండి" అన్నారు. ఆమేన్‌లతో హాలు మారుమోగింది. ఆ సాయంత్రం ఆయన అక్కను చూడటానికి వెళ్ళి, ప్రార్థన చేసి, పది నిమిషాల్లో వచ్చేశారు. మందు మాట మాత్రం ఎత్తలేదు.

గురువారం మధ్యాహ్నం మేనకోడలు తలుపు కూడా తట్టకుండా చర్చి ఆఫీసులోకి వచ్చింది. నిద్ర లేక కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"మావయ్యా, పొద్దున దుప్పటి మార్చడానికి అమ్మని కాస్త పక్కకి తిప్పాను. అరిస్తే నేను భయపడతానని చెంగు నోట్లో కుక్కుకుంది. పెదవి చిట్లి రక్తం వచ్చింది."

"దేవుడు బలమిస్తాడమ్మా" అన్నారు పాస్టరుగారు. అలవాటు కొద్దీ నోటికొచ్చిన మాట అది.

"ఇచ్చాడు. సీసాలో పోసి మరీ ఇచ్చాడు. నువ్వే అడ్డం పడ్డావు" అంది మేనకోడలు. "మన బాధ ఆయన మోశాడని నువ్వే చెప్తావు కదా. మరి అమ్మ మళ్ళీ ఎందుకు మోయాలి? ఆయన మోసింది చాల్లేదా?"

పాస్టరుగారికి జవాబు తెలుసు. అదే సిలువ మీద, చివర్లో, ప్రభువు దాహంగా ఉందని అడిగాడు. పులిసిన ద్రాక్షారసంలో స్పంజి ముంచి పెదవులకు అందిస్తే పుచ్చుకున్నాడు. ప్రసంగం రాసుకునేటప్పుడు ఆ సంగతీ రాశారు. రాసి, ఊపు తగ్గిపోతుందని కొట్టేశారు. బాధలోనే గొప్పంతా ఉంటే ఆయన నోరు తెరిచి అడిగేవాడే కాదు. మనుషుల్ని ప్రేమించాడు, ఆ ప్రేమ వెంట బాధ వచ్చిపడింది, వదిలి పారిపోకుండా మోశాడు. ఈ మాట పాస్టరుగారికి ఇప్పుడు కొత్తగా తట్టిందేమీ కాదు.

ఆయన వెళ్ళేసరికి అక్క గోడవైపు తిరిగి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని ఉంది. ఆయన మంచం పక్కన నేల మీద కూలబడ్డారు.

"అక్కా, ఆయన తాగాడు."

"ఎవర్రా?"

"ప్రభువు. చివర్లో దాహమని అడిగి మరీ తాగాడు. నేను చెప్పలేదు. కావాలనే వదిలేశాను."

"తెలుసులేరా బుజ్జీ. వాక్యం నువ్వొక్కడివే చదువుతావా ఏంటి?"

"మరి తెలిసీ ఎందుకక్కా?"

"మొదట్లో నిజంగా ప్రభువు కోసమే అనుకున్నాను. మూడో రోజుకే నా వల్ల కాలేదు. ఆదివారం దాకా ఎలాగో ఓర్చుకుని, ఇక తాగేద్దామనుకున్నాను. ఈలోగా నువ్వు అందరి ముందూ నా సంగతి చెప్పేశావు. తర్వాత నేను తాగితే నీ మాట ఏమైపోవాలి? నలుగురిలో నీకు తలవంపులు కాదూ?"

పాస్టరుగారు లేచి సీసా అందుకున్నారు. ఎంత పోయాలో తెలియక కప్పు నిండా పోసేశారు. మేనకోడలు ఆయన చేతిలోంచి సీసా లాక్కుని, మళ్ళీ కొలిచి, తల్లి తల ఎత్తి పట్టుకుని తాగించింది.

ముప్పావు గంటకు అక్క కాళ్ళు మెల్లగా చాపుకుంది. నుదుటి మీద ముడతలు విడిపోయాయి. "ఒరేయ్, నొప్పి లేకపోతే ఇలా ఉంటుందా! మర్చేపోయానురా" అని నవ్వింది. ఆ నవ్వు చూసి పాస్టరుగారు మంచానికి తల ఆనించుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. ఈ నవ్వును పదకొండు రోజులు ఆపింది తనేనని ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది.

"ఈ ఆదివారం నిలబడి చెప్తానక్కా, నాదే తప్పని."

"ఈ ఆదివారం వద్దురా" అంది అక్క కళ్ళు మూసుకునే. "నేను పోయాక చెప్పు. నేనుండగా నిన్నెవరూ వేలెత్తి చూపకూడదు. నేను చూడలేను."

అక్క మాట కాదనే అవసరం ఆయనకి రాలేదు. శనివారం పొద్దున్నే, నిద్రలోనే ఆవిడ వెళ్ళిపోయింది.

మర్నాడు హాలు నిండిపోయింది. అక్కగారు విశ్వాసంలో నిలబడ్డ సాక్ష్యం గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని పెద్దలు అడిగారు. పాస్టరుగారు మైకు ముందుకు వచ్చి, చేతిలో కాగితమేదీ లేకుండా నిలబడ్డారు.

"ప్రభువు మన కోసం ప్రాణం పెట్టాడని మీకు ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను. అది నిజం. మా అక్క మాత్రం పోయిన ఆదివారం నుంచి గురువారం దాకా నాలుగు రోజులు సిలువ మీద ఉంది నా పరువు కోసం. ఆమెను కిందికి దించగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. పది నిమిషాలు పక్కన కూర్చుని, ప్రార్థన చేసి, దించకుండా వచ్చేశాను."