చుట్టుదారిలో ఎదురు

ఈస్టరుకు ముందొచ్చే ఉపవాసాల తవక్కాలంలో నాలుగో శుక్రవారం సాయంత్రం కరుప్పయ్య యేసుసామి కోవిల వాకిట్లో వరుసలో నిలబడ్డాడు. మూడేళ్లుగా కడుపులో దాచుకున్న మాటను ఇవాళ కక్కేయాలని వచ్చాడు. ముందు దేవుడికి చెప్పాలి, ఆ తరవాత పెళ్లానికి. ఈ వరుస ఆయన సొంతంగా పెట్టుకున్నదే. పెళ్లానికి చెప్పే ధైర్యం లేక దేవుణ్ణి ముందుకు నెట్టాడు తప్ప ఇందులో భక్తి ఏమీ లేదు.

ఈ చుట్టుదారి అన్నది ఫాదర్ ఆరోక్కియరాజ్ ఆలోచన. కొడైకానల్లో ఎక్కడో ధ్యానానికి పోయినప్పుడు చూశాడట. వచ్చీ రాగానే రాజపాళయం కోవిల వాకిట్లో ఏడు చుట్లు గీయించి, గీతల మీద గాజుగుడ్డ పేలికలు పరిపించాడు. ఆ పేలికలు తెచ్చింది కరుప్పయ్యే. సత్రపట్టిలో ఆయన పనిచేసే బ్యాండేజీ గుడ్డ కంపెనీలో అంచులు కత్తిరించి పారేసినవి. దారి ఒక్కటే, తప్పిపోవడానికి లేదు. మెల్లగా నడుస్తూ నడిమికి పోవాలి, గుండెలో ఉన్నది యేసుసామి ముందు దించాలి, పోయిన దారినే తిరిగి రావాలి. ఎవరైనా ఎదురుపడితే ఒదిగి దారివ్వాలి. మాట్లాడకూడదు.

ఆయన దించాల్సింది కూతురి సంగతి. జెన్సి ఒక్కతే బిడ్డ, పందొమ్మిదేళ్లది. దిండుక్కల్ అవతల ఒక నూలు మిల్లులో, హాస్టల్లో ఉండి పనిచేసేది. ఒక శుక్రవారం వార్డన్ ఫోనులో తండ్రికి చేసింది. "నాయనా, నాలుగు దినాలుగా జొరం. వచ్చి నన్ను పిలుచుకొని పో" అంది. నడిమధ్యలో వచ్చేస్తే మళ్లీ చేర్చుకోరు, చూసేవాళ్లు పిల్ల గురించి ఏదేదో అనుకుంటారు. కరుప్పయ్యకు విసుగొచ్చింది. "నాటకాలాడొద్దు. మాత్ర మింగి పనికి పో" అని పెట్టేశాడు. మంగళవారం శవం ఇంటికొచ్చింది. డెంగీ అన్నారు. పిల్ల నీకు ఒక్క ఫోనైనా చేయలేదా అని పెళ్లాం వెళ్ళత్తాయి నేల మీద పడి దొర్లి ఏడుస్తూ అడిగితే, లేదన్నాడు. అంత నిబ్బరంగా ఎలా అన్నాడో, ఆ నోరు ఎలా పడిపోలేదో!

ఇవాళ వెళ్ళత్తాయి ఆడవాళ్ల వరుసలో ముందే లోపలికి పోయింది. కరుప్పయ్య మూడో చుట్టులో ఉండగా తిరిగి వస్తూ ఎదురుపడింది. మొహమంతా తడి. ఆయన ఒదిగి దారిచ్చాడు. ఆమె దాటిపోకుండా చెయ్యి పట్టుకుంది.

"ఏమయ్యా, సామి దగ్గర చెప్పేసినా. నీకు చెప్పకుండా బయటికి పోతే అది చెప్పినట్టు గాదు."

"ఇక్కడ మాట్లాడగూడదే" అన్నాడు కరుప్పయ్య.

"జెన్సి నాకు ఫోను చేసింది. పక్కింటి శివరంజని ఫోనుకు. జొరమమ్మా, వచ్చేస్తా అనింది. మీ నాయన్ను అడిగితివా అంటి. లేదమ్మా, నాయనకు చెప్పొద్దు, పాపం బాధపడతాడు అనింది. రెండు దినాల్లో సరైపోతుందిలే అని నేనూ విడిచిపెట్టినా."

"ఎప్పుడు చేసింది?" అన్నాడు కరుప్పయ్య.

"శనివారం పొద్దున."

శనివారం. అంటే ఈయన కసిరి ఫోను పెట్టేసిన మర్నాడు. తిట్లు తిన్న పిల్ల, ఒళ్లు కాలిపోతున్న పిల్ల, తల్లి దగ్గర తండ్రిని కాపాడింది.

"నీకు చెయ్యలేదని ఆనాడు నువ్వు చెప్పినావే, అప్పుడే నా గుండె పగిలింది" అంది వెళ్ళత్తాయి. "నాకొకదానికే చెప్పింది, నేను దాచిపెట్టినా. నీకు తెలిసుంటే అప్పుడే బస్సెక్కి పొయ్యుండేవాడివి. నా బిడ్డను నేనే చంపుకుంటినయ్యా. నన్ను మన్నించు."

ఇప్పుడైనా చెప్పొచ్చు. నన్నూ అడిగింది అంటే చాలు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ వెనక వరుసలో వస్తున్న చెల్లయ్య దారి కోసం కాచుకుని ఉన్నాడు, ఫాదర్ ఇటే చూస్తున్నాడు. సాకులకేం కరువు. కరుప్పయ్య పెళ్లాం తల మీద చెయ్యి పెట్టాడు.

"సరి, పోనీ. ఏడవొద్దు. నేను మన్నించినా."

మన్నించాడట, మహానుభావుడు!

వెళ్ళత్తాయి వంగి ఆయన పాదాలు ముట్టుకుంది. లేచి, మూడేళ్లలో మొదటిసారి వీపు నిటారుగా పెట్టి నడుచుకుంటూ బయటికి పోయింది.

కరుప్పయ్య మిగతా చుట్లు నడిచాడు. నడిమికి చేరి మోకాళ్లూనాడు. "ప్రభువా" అన్నాడు. ఆ పైన ఒక్క ముక్క రాలేదు. చెప్పాల్సింది ఇప్పుడు ఒకటి కాదు, రెండు. ఇందాకటి మన్నింపు కూడా చేరింది. ఎన్ని చుట్లు తిరిగి వచ్చినా అక్కణ్ణుంచి బయటికి పదిహేను అడుగులే. వెళ్ళత్తాయి గట్టు మీద తన పక్కన కూర్చున్న పొన్నుత్తాయితో అంటున్నది అంతా వినిపిస్తోంది.

"ఒక్క మాట అనలేదక్కా. కోపంగా కూడా చూడలేదు. ఇంకో మొగోడైతే నన్ను నరికేసుండేవాడు."

కరుప్పయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. చెల్లయ్య వచ్చి పక్కన నిలబడి చిన్నగా దగ్గాడు. చోటివ్వాలి కాబట్టి కరుప్పయ్య లేచాడు. బయట గట్టు మీద కూర్చున్న వెళ్ళత్తాయి ఆయన్నే చూస్తోంది.

"మెల్లగా రాయ్యా" అంది. "నీకోసం నేనీడే ఉంటా."