నర్సుతో నేనన్న మాట

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి బంగాళాదుంపల తొక్క తీస్తున్నాను. మా ఆయన గ్రేమ్ వంటగది గుమ్మంలో నిలబడి, "డెల్విన్ వస్తోంది. సీసాలన్నీ గరాజ్‌లో పెట్టెయ్. తాగుబోతు మనిషి, కళ్ళెదురుగా ఉంటే ఆగదు," అన్నాడు. అతని చేతిలో ఉన్నది అప్పటికి మూడో బీరు.

డెల్విన్ అతని చెల్లెలు. టాస్మేనియా ఉత్తర తీరంలోని మా చిన్న ఊళ్ళో కూరగాయల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. మా అత్తింట్లో తాగని మగవాడు లేడు. మామగారు పబ్బులో తూలిపడితే ముసలాయన హుషారుగా ఉన్నాడనేవారు. ఆయన్ని కారులో తెచ్చి, బూట్లు విప్పి, మంచం పక్కన బకెట్ పెట్టడం నా వంతు. గ్రేమ్ తాగితే కష్టపడి వచ్చినవాడు, పోనీలే అనేవారు. భర్త పోయాక డెల్విన్ ఇంట్లో ఒంటరిగా తాగడం మొదలుపెట్టింది. ఆ సంగతి బయటపడిన రోజే ఆమెకు తాగుబోతన్న పేరు పెట్టేశారు. వాళ్ళకి తాగుడు అలవాటు, ఆమెకి ఇంటిపేరు.

ఆ డెల్విన్ తాగుడు మానేసింది. డాక్టరిచ్చిన మందులు వాడుతూ, ప్రతి గురువారం చర్చి హాల్లో తాగుడు మానేవాళ్ళ సమావేశానికి వెళ్ళేది. నేనే కారులో దింపేదాన్ని. ఒకసారి చలికి తట్టుకోలేక లోపల కూర్చున్నాను. అందరూ "నేను తాగుబోతుని" అని మొదలుపెడుతున్నారు. ఈమె మాత్రం, "నా పేరు డెల్విన్. నాకు తాగుడు జబ్బుంది. నయం చేసుకుంటున్నాను," అంది. వెర్న్ అనే ముసలి జాలరికి అది నచ్చలేదు. తాగుబోతునని ఒప్పుకోవడమే తనని ఇరవై ఏళ్ళుగా నిలబెట్టిందన్నాడు.

"నిన్ను నిలబెట్టింది కదా వెర్న్, ఆ మాట నువ్వు ఉంచుకో," అంది డెల్విన్. "నన్ను అలా పిలిచినవాళ్ళెవరూ నిలబెట్టడానికి పిలవలేదు."

నలభై ఏడేళ్ళొచ్చినా నేను ఎవరికీ అలా జవాబు చెప్పి ఎరగను.

నేను మా ఊరి ఆసుపత్రిలో రిసెప్షన్ చూస్తాను. జూన్‌లో ఒక వానరోజు పొద్దున డెల్విన్ కడుపు పట్టుకుని, సగానికి వంగిపోయి వచ్చింది. నేల మీదే వాంతి చేసుకుంది. వరసలో ఉన్నవాళ్ళు పక్కకి జరిగారు. నర్సు జసింటా నా దగ్గరికొచ్చి, "మీ ఆయన చెల్లెలు కదా, ఏమైంది?" అని అడిగింది. అందరూ నా వైపే చూస్తున్నారు. ఆ కుటుంబంలో నేను వేరు, శుభ్రమైనదాన్ని అనిపించుకోవాలన్న ఆత్రం ఎక్కడినుంచి వచ్చిందో, "తాగుబోతు," అన్నాను.

జసింటా అదే రాసింది. ఆ కాగితం చదివిన ప్రతివాళ్ళకీ ఆమె దగ్గర మందు వాసన వచ్చినట్టే ఉంది. నాలుగు గంటలు నా కౌంటర్ పక్కనే కుర్చీలో కూర్చోబెట్టారు. చివరికి రక్తం పరీక్షిస్తే మందు చుక్క లేదు. స్కాన్ తీస్తే పిత్తాశయంలో రాళ్ళు, చీము కూడా పట్టింది. అంబులెన్స్‌లో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఆపరేషన్ చేశారు.

ఇంటికొచ్చిన రెండు వారాలకి డెల్విన్ మళ్ళీ తాగింది. మూడు రోజులు. నాలుగో రోజు పొద్దున తనే డాక్టరుకి ఫోన్ చేసింది. ఆ తర్వాత నాకూ చేసి, నేనేమీ అడగకుండానే చెప్పింది: "ఏడు నెలలు ముట్టలేదు, రోండా. అయినా కాగితం మీద అదే పేరు. ఇంకెందుకు మానడం అనిపించింది."

మేం ముందే చెప్పాం కదా అన్నాడు గ్రేమ్. ఏడు నెలలూ బూడిదలో పోశావన్నారు మామగారు. ఆ ఏడు నెలలూ ఎక్కడికీ పోలేదనీ, తను జారింది మూడు రోజులేననీ డెల్విన్ ఆయన ముఖం మీదే చెప్పింది. ఏడవలేదు, ఎవర్నీ బతిమాలలేదు. ఆసుపత్రికి ఉత్తరం రాసి, సిబ్బందితో పది నిమిషాలు మాట్లాడాలని అడిగింది.

సెప్టెంబరులో పిలిచారు. మా టీ గదిలో పద్నాలుగు మంది. మీటింగుల్లో కప్పులు అందించేది నేనే కాబట్టి నేనూ ఉన్నాను. డెల్విన్ ఫ్యాక్టరీ చొక్కాతోనే వచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎవరి పేరూ ఎత్తలేదు. మరి ఏం రాయాలంటారని ఒక కుర్ర డాక్టర్ అడిగాడు.

"చూసింది రాయండి. కడుపునొప్పి, వాంతులు. మిగతాది నన్నడగండి. నేను తాగేదాన్ననీ, మానేసి ఏడు నెలలైందనీ నేనే చెప్పేదాన్ని. ఆ ఒక్క మాట వెనకాల నా నొప్పి ఎవరికీ కనపడలేదు."

జసింటా కళ్ళు తుడుచుకుంటూ, రాసింది తనేనని లేచింది. అందరూ ఆమె వైపు తిరిగారు. డెల్విన్ నా వైపు చూడలేదు. అప్పుడర్థమైంది నాకు. ఆ రోజు నా కౌంటర్‌కి రెండడుగుల దూరంలో ఉంది, అంతా వింది. మూడు నెలలుగా నా కారులో, నా పక్కనే కూర్చుని, ఒక్క మాటా అనలేదు.

ట్రే బల్ల మీద పెట్టాను. "జసింటాకి చెప్పింది నేను," అన్నాను. "తాగలేదని తెలిసీ చెప్పాను. ముందురోజు సాయంత్రమంతా మా ఇంట్లోనే ఉంది, టీ తప్ప ఏమీ తాగలేదు."

మేనేజరు రేపు పొద్దున తన గదికి రమ్మన్నాడు.

బయట కారు దగ్గర తాళం చెవి తీస్తూ, "నేను అబద్ధాలకోరుని, డెల్విన్," అన్నాను.



"కాదు. ఒక అబద్ధం చెప్పావు. చాలా పెద్దది. దానికి నాకింకా కోపం ఉంది. కానీ ఆ పేరు మాత్రం పెట్టుకోకు. పెట్టుకుంటే రేపు కూడా చెప్తావు."

తాళం చెవి నా చేతిలోంచి తీసుకుని తనే కారు నడిపింది. ఇంటికెళ్ళగానే, తాగుబోతు ఏం వాగిందట అని గ్రేమ్ అడిగాడు. పెళ్ళయ్యాక మొదటిసారి అతని మాటకి అడ్డుపడ్డాను.

"ఆమె పేరు డెల్విన్," అన్నాను. "మళ్ళీ అడుగు, సరిగ్గా."