పడమటి వరసలు

ఉష్ణమండల దేశాల్లో ఏ నేలలో ఏం వేస్తే గిట్టుబాటవుతుందో చెప్పడం నజ్మా ఉద్యోగం. కెన్యాలో చెప్పింది, టాంజానియాలో చెప్పింది, అక్కడ మంత్రులు కూడా నోరెత్తకుండా విన్నారు. కుందుర్పి దగ్గర సొంత నాయనకు చెప్పాల్సి వచ్చేసరికి మాత్రం అంత సులువు కాలేదు.

నాయన జిలాన్ బాషాది చీనీ తోట. బత్తాయిని ఆ పక్క చీనీ అనే అంటారు. తోటంతటికీ ఒక్కటే బోరు, ఆ ఎండాకాలం అది పోసీ పోయనట్టు పోస్తోంది. ఉన్న నీళ్లు అన్ని చెట్లకూ పంచితే అన్నీ చస్తాయి. సగం కొట్టేస్తే సగమైనా దక్కుతాయి. గుండె రాయి చేసుకుని చేసే పని అది.

"యా సగం కొట్టల్లో నువ్వే చెప్పు పాపా. నా చేత కాదు," అన్నాడు బాషా, కొట్టాల్సిన చెట్లకు గుర్తు పెట్టే సున్నం బకెట్టు కూతురి చేతికిస్తూ.

నజ్మా లెక్క ప్రకారం పోయింది. బోరుకు దూరంగా ఉన్న పడమటి వరసలకు నీళ్లు దారిలోనే ఇంకిపోతాయి, కాబట్టి పోవాల్సింది అవే. అవి ఆమె తల్లి నూర్జాన్ పెంచిన చెట్లు. పైపులు లేని రోజుల్లో చంకన బిందె పెట్టుకుని, మొక్క మొక్కకూ నీళ్లు మోసి బతికించింది. ఆమె పోయాక బాషా మధ్యాహ్నం నడుము వాల్చేది ఆ నీడలోనే. ఇదంతా నజ్మాకు తెలియదా? తెలిసే ఆ మొదళ్లకు సున్నం పూసింది. అమ్మ మీద ప్రేమను లెక్కలోకి రానిస్తే, ఇన్నేళ్లు ఊరూరా రైతులకు చెప్పిందంతా బూటకమైపోతుందని భయపడింది. చదువుకున్నవాళ్ల మొండితనం పగవాళ్లకు కూడా వద్దు.

బాషా గుర్తులు చూశాడు. రంపం మిషన్ వాణ్ణి పిలిపించి, మొదటి చెట్టు కూలేదాకా నిలబడి, మసీదుకు పోయి సాయంత్రం దాకా రాలేదు.

నజ్మా ఉద్యోగానికి తిరిగి హైదరాబాదు చేరింది. నరికిన కట్టెలు ట్రాక్టరుకు ఎత్తకముందే వాన పట్టుకుంది. అది మామూలు వాన కాదు, చెరువు నిండి మరవ మీద నీళ్లు పొర్లిపారేదాకా వదల్లేదు. ఒక్క కొమ్మ కూడా కొట్టని పక్క చేని గంగప్ప తోట మొత్తం చిగురేసింది.

బాషా ఫోన్ చేశాడు.

"వాన బాగా పడింది పాపా. బోరు నిండుగా పోస్తాండాది."

నజ్మా భోరుమంది. "అమ్మ చెట్లు నేనే కొట్టించినాను నాయనా. నన్ను తిట్టు."

"ఊరుకో. వాన వస్తాదని నీకేమన్నా కల వచ్చిందా? అందరికీ చెప్పేదే నాకూ చెప్పినావు." ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. అదే ఆమెను నిలువునా కోసింది. "పడమటి పక్క ఖాళీగా ఉండాది, నేల బాగా నానింది. ఆడ ఏం పెట్టమంటావు?"

"నన్నడగొద్దు నాయనా," అంది వెక్కుతూ.

"ఇంగెవురినడగల్ల పాపా? మీయమ్మ కూడా లేకపాయె."