వెనక చూసే మనిషి

శాంతికుమార్ మళ్లీ వెనక్కి చూశాడు.

పరుగు మొదలై ఎంతోసేపు కాలేదు. హుస్సేన్‌సాగర్ ఒడ్డు రోడ్డు నిండా మనుషులే. మాటలు తక్కువ, బూట్ల చప్పుడు ఎక్కువ. పది అడుగుల వెనక వెంకటకృష్ణ వస్తున్నాడు. నీలం బనీను, తెల్లటోపీ, మెడలో ఈల. శాంతికుమార్ తల తిప్పినప్పుడల్లా అతను చెయ్యి ఊపి పొమ్మంటున్నాడు.

"మెడ పట్టేసిద్ది గార్డు గారూ. వెనక నేనున్నాగా. ముందుకు చూడు."

"నా ఎనక మనిషుంటే ఎట్లనో ఉందన్నా."

అతని వెనక ఎప్పుడూ ఎవరూ లేరు. శాంతికుమార్ బొగ్గు మోసే గూడ్సు బండికి గార్డు. భద్రాచలం రోడ్డు అని పేరు పెట్టుకుని కొత్తగూడెంలో ఉన్న స్టేషన్ నుంచి డోర్నకల్ దాకా, అక్కణ్ణించి ఎటు పంపితే అటు, వ్యాగన్ల చివర ఇనుప గదిలో ఒక్కడే వెళ్తాడు. దాని అరుగు మీద నిలబడితే కనిపించేది పోయే దారి కాదు, వచ్చిన దారి. కారేపల్లి, గంధంపల్లి, మధ్యలో అడవి, తునికాకు ఆరబోసిన కల్లాలు, అన్నిటినీ దాటిపోయాకే చూశాడు. ఈమధ్య గార్డు అనే పేరు తీసేసి ట్రైన్ మేనేజరు అన్నారు. గది మాత్రం మారలేదు. కొన్ని బండ్లకు ఇప్పుడు ఆ గది కూడా లేదు. చివరి వ్యాగనుకు ఒక పెట్టె తగిలిస్తే మనిషి పని అది చేస్తోంది. తన బండికీ పెట్టె వస్తుందని విన్నాడు.

వెంకటకృష్ణ ఆ లైనులోనే డ్రైవరు. పెనుబల్లి మనిషి. వాళ్ల తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ పొలం కొన్నాడు. శాంతికుమార్‌ది ఏన్కూరు. ముప్పై ఏళ్లలో ఎక్కువ డ్యూటీలు ఇద్దరికీ కలిసే పడ్డాయి. ఒకే బండి మీద పనిచేసినా మొహాలు చూసుకున్నది తక్కువ. మధ్యలో అర కిలోమీటరు పైన బొగ్గు. మాటలన్నీ వాకీటాకీలోనే నడిచాయి. పెళ్లిళ్ల కబుర్లూ, పంటల కబుర్లూ, కృష్ణకు షుగర్ వచ్చిన సంగతీ అందులోనే.

మలుపు వచ్చినప్పుడల్లా డ్రైవరు ఇంజను కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూడాలి. చివర గార్డు ఆకుపచ్చ జెండా ఊపితే బండి మొత్తం వెంట వస్తున్నట్టు. జెండా కనిపించకపోతే ఆగాలి. చాలామంది ఆ పని అసిస్టెంటుకు వదిలేస్తారు. కృష్ణ వదల్లేదు. వానలో, మంచులో, ఏ మలుపులోనూ శాంతికుమార్ జెండా ఉత్తగా ఊగలేదు. అంత దూరాన ఇంజను కిటికీలో తలకాయ కనిపించేది. అది లోపలికి పోయాకే అతను జెండా దించేవాడు.

ప్యాసింజరు బండికి దారి ఇవ్వడానికి గూడ్సును పక్క లైనులో పెడితే గంటలు గడిచేవి. ఆ గంటలు శాంతికుమార్ కాళ్లకు పడేవి కావు. కూర్చుంటే మోకాళ్లు ఊగేవి. నిలబడితే మడమలు లేచేవి. ఒకరోజు దిగి, కంకర పక్క బాట వెంట ఇంజను దాకా ఉరికి, కృష్ణ ఫ్లాస్కులో టీ తాగి, మళ్లీ ఉరికి తన గదికి వచ్చాడు. తర్వాత అది అలవాటైంది. స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ రెడ్యా చూసి నవ్వేవాడు. "బండి కదుల్తలేదని నువ్వే కదుల్తున్నవా సార్?"

ఒక సాయంత్రం గంధంపల్లి దగ్గర ఆగి ఉన్నప్పుడు శాంతికుమార్ వాకీటాకీలో ఉన్నట్టుండి అన్నాడు. "అన్నా, ఒక్కపారన్న నా ఎనక ఎవరన్న ఉంటే మంచిగుండు."

అవతల కాసేపు గరగర. "గుర్తు పెట్టుకుంటా," అన్నాడు కృష్ణ.

రిటైరయ్యాక కృష్ణ తన ఊరి పక్క సాగర్ కాలువ కట్ట మీద నడవడం మొదలుపెట్టాడు. నడక పరుగైంది. ఎండలు పోయాక ఫోన్ చేసి, హైదరాబాదులో హాఫ్ మారథాన్ ఉందని, ఇద్దరి పేర్లూ ఇచ్చేశానని చెప్పాడు. ఆదివారం చర్చి పోతుందని శాంతికుమార్ గొణిగాడు. ఒక్క వారానికి దేవుడు ఏమనుకోడులే అన్నాడు కృష్ణ. చివర గుర్తు చేశాడు: నువ్వు ముందు, నేను వెనక.

ఈ పొద్దున పరుగు మొదలయ్యే గీత దగ్గర నిలబడ్డప్పుడు కృష్ణ చెయ్యి చాపాడు.

"ఆ ఈల ఇటియ్యి. ఇవాళ గార్డును నేను."

"ఊదొస్తదా నీకు?"

"ముప్పై ఏళ్లు నువ్వు ఊదితే నేను కదిలా. ఇవాళ నేనూదితే నువ్వు కదులు. ఒకటైతే పో. రెండైతే ఆగు."

తాడు పొడవైంది, పరుగులో గుండెల మీద కొట్టుకుంటుంది అని కృష్ణ దాని మధ్యలో ముడి వేసి మెడలో వేసుకున్నాడు. ఒకసారి ఊదాడు. పక్కనున్న ఆడపిల్లలు నవ్వారు.

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు శాంతికుమార్ వెనక్కి చూడటం తగ్గింది. దిగేటప్పుడు మానేశాడు. కాళ్లు వాటంతట అవే సాగాయి. కంకర లేదు, పట్టాల పక్క పల్లేరు లేదు. ఒక మనిషిని దాటాడు. దాటిన మనిషి కంటి అంచున కాసేపు ఉండి మాయమయ్యాడు. ఇంకొకరిని దాటాడు. ఎదురుగా వస్తున్న రోడ్డును చూస్తూ పోవడం ఎట్లా ఉంటుందో అతనికి ఇన్నేళ్లకు తెలిసింది. వచ్చేదేదీ ముందు తెలియదు. అందుకే ఆగబుద్ధి కావడం లేదు.

ఫ్లైఓవర్ అవతల రోడ్డు ఎడమకు తిరిగింది. అడ్డరోడ్డు మూల పోలీసులు తాళ్లు పట్టి బండ్లను ఆపుతున్నారు. హారన్లు, కేకలు, ఈలలు. ఆ గోలలో వెనక నుంచి రెండు ఈలలు వినిపించాయి, వెంటవెంటనే. పోలీసువి అనుకున్నాడు. మెడ తిరగబోయింది. తిప్పలేదు. ముందు ఒక పసుపు బనీను పోతోంది. దాన్ని దాటాలి.

దాటాడు.

స్టేడియంలో చివరి గీత దాటాక మెడలో పతకం వేశారు. అప్పుడు వెనక్కి తిరిగి నిలబడ్డాడు. తన వెనక మనుషులు వస్తున్నారు. పసుపు బనీనువాడు వచ్చాడు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని భార్యాభర్తలు వచ్చారు. వస్తున్న ప్రతివాణ్ణీ చూశాడు. వీళ్లంతా తన వెనకవాళ్లు. అరటిపళ్లు పంచుతున్న దగ్గర రెండు తీసుకున్నాడు, ఒకటి కృష్ణకు.

నీలం బనీన్లు చాలా వచ్చాయి. తెల్లటోపీతో రాలేదు. గేటు దాకా వెళ్లాడు, మళ్లీ గీత దగ్గరికి వచ్చాడు, మళ్లీ గేటుకు వెళ్లాడు. నడిచేవాళ్లు కూడా వచ్చేశారు. కుర్రాళ్లు బ్యానర్ల తాళ్లు విప్పుతుండగా ఫోన్ మోగింది. కృష్ణ నంబరు.

"మీరు శాంతి గార్డ్ అండీ? ఈ ఫోన్లో అట్లా ఉంది," అంది ఒక ఆడగొంతు.

ఆమె డాక్టరు. చెప్పవలసింది చెప్పింది. ఫ్లైఓవర్ దిగాక, మలుపుకు ముందు, ఫుట్‌పాత్ అంచున కూర్చుండిపోయాడట. అంబులెన్సు వెంటనే వచ్చింది. ఆసుపత్రికి చేరేలోపు పోయాడు. శాంతికుమార్ ఒక్కటే అడిగాడు, ఈల ఊదాడా అని. ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమంది.

"ఏం లేదమ్మా," అన్నాడు.

ఆసుపత్రి పనులు అయ్యేసరికి మధ్యాహ్నమైంది. అంబులెన్సులో కృష్ణను వెనక పడుకోబెట్టి, శాంతికుమార్‌ను డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. ఖమ్మం దాటి తల్లాడ రోడ్డు ఎక్కాక మలుపులు మొదలయ్యాయి. మలుపు మలుపుకూ శాంతికుమార్ సీటులో తిరిగి, చిన్న అద్దపు కిటికీలోంచి వెనక్కి చూశాడు.

"పట్టీలు గట్టిగ కట్టినం సార్. ఏం కాదు," అన్నాడు డ్రైవరు.

"అవ్," అన్నాడు శాంతికుమార్. తర్వాతి మలుపులో మళ్లీ చూశాడు.

పెనుబల్లిలో ఇంటి ముందు టెంటు వేస్తున్నారు. కృష్ణ భార్య నాగలత అరుగు మీద కూర్చుని ఉంది. ఏడుపు అప్పటికి ఒక దఫా అయిపోయినట్టుంది. దింపవలసినవాళ్లు దింపారు. శాంతికుమార్ ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కవరు ఆమె చేతికిచ్చి, పక్కన నిలబడ్డాడు. మెడలో పతకం ఇంకా ఉందని అప్పుడు గమనించి తీసి జేబులో వేసుకున్నాడు.

"ఎప్పుడూ ముందుండే మనిషి కదా శాంతీ," అంది ఆమె. "ఇవాళ వెనకెందుకున్నాడు?"

"నేనడిగిన వదినా."

ఆమె కవరు విప్పి, ఒక్కొక్కటీ తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. ఫోన్, వాచీ, టోపీ. చివర ఈల.

"ఇది నీదే కదా. రేపు డ్యూటీకి కావాలిగా, తీసుకెళ్లు."

శాంతికుమార్ చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు తాడు వెంట ముడి దాకా పోయి ఆగింది. ఈలను తిరిగి గట్టు మీద పెట్టాడు.

"స్టోరుల ఇంకోటి ఇస్తరు వదినా."

ఏన్కూరు వెళ్లే ఆటో రోడ్డు మీద హారన్ కొట్టింది. అతను ఎక్కాడు. ఈల కిటికీ గట్టు మీదే ఉండిపోయింది, తాడుకు కృష్ణ వేసిన ముడితో.