రాజోలు గళ్ళు

అమలాపురంలో నారాయణమూర్తి గారి కొబ్బరి పీచు కంపెనీ ఆఫీసులో నాగదుర్గ గుమస్తాగా చేరి తొమ్మిదేళ్ళయింది. అందులో ఎనిమిదేళ్ళు ఫోన్లోనే గడిచిపోయాయి. రాజోలు డిపోలో ఎన్ని బేళ్ళున్నాయి, కొత్తపేటలో లారీకి లోడు ఎక్కిందా లేదా, విశాఖ రేవుకి సరుకు ఎప్పుడు బయల్దేరాలి, ఇవన్నీ ఆవిడ చెవికీ భుజానికీ మధ్య రిసీవరు ఇరికించుకుని అడుగుతూ రాసుకునేది. సాయంత్రం ఇంటికెళ్ళాక కూడా మెడ ఆ పక్కకే వాలి ఉండేదని అత్తగారు నవ్వేది.

2008 వేసవిలో నారాయణమూర్తి గారి మేనల్లుడు రాజబాబు విశాఖ నుంచి వచ్చి ఆ ఫోన్లన్నీ మాన్పించాడు. ఇంటర్నెట్లో ఒక షీటు తయారుచేసి మూడు డిపోల వాళ్ళకీ ఇచ్చాడు. ఎవరి గళ్ళలో వాళ్ళు తమ సరుకు వివరం నింపితే చాలు, అప్పటికప్పుడే మిగతా వాళ్ళకీ, విశాఖలో అతనికీ కనిపిస్తుంది.

"ఇంక మీకు సగం పని తగ్గిపోయినట్టేనండి నాగదుర్గ గారూ," అన్నాడు. మంచి కుర్రాడు, మనస్ఫూర్తిగానే అన్నాడు.

పని తగ్గలేదు. నారాయణమూర్తి గారికి కాగితమ్మీద చూస్తేగాని నమ్మకం కుదరదు కనుక ముందు పుస్తకంలో రాయాలి. తర్వాత కరెంటు ఉన్నప్పుడు, నెట్టు దయతలిచినప్పుడు అదే మళ్ళీ షీటులో ఎక్కించాలి. మధ్యలో తెర మూల చాట్ డబ్బా టింగుమంటుంది. విశాఖ నుంచి రాజబాబు ఏదో ఒకటి అడుగుతూ ఉంటాడు. ఫోనైతే పెట్టేస్తే ఊరుకుంటుంది. ఇది అన్నం తినడానికి వెళ్ళొచ్చేసరికి కూడా అక్కడే కాచుకుని ఉండేది.

అన్నిటికంటే రాజోలు ఆవిడ ప్రాణం తీసేది. అక్కడి గుమస్తా కొండలరావు గారు యాభై దాటిన మనిషి. ఆయన తన అంకెలు తీసుకొచ్చి అమలాపురం గళ్ళలో పెట్టేవాడు. నాగదుర్గ చూస్తూ ఉండగానే, తను పొద్దుటినుంచీ నింపినవి చెరిగిపోయి వాటి చోట రాజోలు అంకెలు వచ్చి కూర్చునేవి. ఒకసారి అలాగే రాజోలు గళ్ళలో పాత అంకెలే ఉండిపోయి, లేని బేళ్ళ కోసం రాజోలుకి ఖాళీ లారీ వెళ్ళి ఖాళీగానే తిరిగొచ్చింది. మాట ఆవిడ పడింది.

"మీరే ఒకసారి వెళ్ళి ఆయనకి నేర్పండి," అన్నాడు రాజబాబు.

నాగదుర్గ బస్సెక్కి రాజోలు వెళ్ళింది. దారి పొడుగునా ఆయన్ని ఎలా కడిగెయ్యాలో మాటలు కూర్చుకుంటూనే వెళ్ళింది. డిపోలో కొండలరావు గారు లేచి నిలబడి, "రండమ్మా, రండి. ఎండన పడొచ్చేరు," అని కుర్చీ తుడిచి వేశాడు. కొబ్బరి బోండం కొట్టించి ఇచ్చాడు. అది తాగాక ఆ మాటలు నోటికి రాలేదు.

కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఓపిగ్గా చూపించింది. ఇది మీ వరస, ఇది తేదీ, ఇది సరుకు. ఆయన ప్రతిదానికీ "ఆయ్, ఆయ్" అంటూనే ఉన్నాడు. మౌసు మాత్రం పక్క వరసలోకి వెళ్ళింది. ఆవిడ మళ్ళీ చూపించింది. మళ్ళీ పక్కకే వెళ్ళింది. అప్పుడు గమనించింది, ఆయన తెరకేసి సూటిగా చూడడం లేదు. తల ఓరగా తిప్పి, సందులోంచి చూస్తున్నట్టు చూస్తున్నాడు.

"బాబాయ్ గారూ, ఈ గడిలో ఏముందో చదవండి."

ఆయన ఒక అంకె చెప్పాడు.

"అది నిన్నటిదండి. ఇందాక చూపిస్తూ నేనే మార్చేను."

కొండలరావు గారు వాకిట్లో బేళ్ళు దింపుతున్న హమాలీలకేసి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "రెండు కళ్ళలోనూ పొర వచ్చేసిందమ్మా. కాయితమైతే ఎండలోకి పట్టికెళ్ళి చదూకుంటాను. దీన్నెక్కడికి పట్టికెళ్ళమంటారు?"

"ఆపరేషన్ చేయించుకోలేకపోయేరా?"

"షుగరు దిగితేగాని కొయ్యనన్నాడు డాక్టరు. ఈలోగా కళ్ళు కనపడవని తెలిస్తే ఉంచుతారా చెప్పండి?"

ఆవిడ మౌసు తన వైపు లాక్కుంది. "సాయంత్రం నాకు ఫోన్ చేసి చెప్పెయ్యండి. నేనే నింపుతాను. మీ షుగరు దిగేదాకానే," అంది. ఆయన పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాయించుకుని తిరుగు బస్సెక్కింది. పాశర్లపూడి వంతెన మీదికొచ్చేసరికి గాలి చల్లగా తగిలింది, కానీ ఆవిడకి నిద్ర ముంచుకొచ్చి కిటికీ ఊచకి తల ఆనించేసింది.

ఫోన్లు మాన్పించడానికి వచ్చిన షీటు కోసం ఆ రోజు నుంచీ మళ్ళీ ఫోను మొదలైంది. తన పని ముగించి, ఆయన పేరుతో లోపలికెళ్ళి, ఆయన చెప్పినవి నింపేది. ఆయన ప్రతి అంకె రెండుసార్లు చెప్పేవాడు. చివర్న "మీకు పుణ్యముంటుందమ్మా" అనేవాడు. పుణ్యం మాట ఎలా ఉన్నా చేతి మణికట్టు నొప్పెట్టేది. షుగరు ఓ నెల దిగితే మరో నెల ఎక్కేది. వానాకాలం వెళ్ళిపోయింది.

"రాజోలు గళ్ళు అద్దంలా ఉంటున్నాయండి. మీ ట్రైనింగు గట్టిది," అని రాజబాబు చాట్‌లో మెచ్చుకున్నాడు. నాగదుర్గ ఒక నవ్వు బొమ్మ పెట్టి ఊరుకుంది.

కార్తీకంలో రాజోల్లో రోడ్డు తవ్వుతూ ఎవరో కేబులు తెగ్గొట్టారు. వారం పాటు డిపోలో నెట్టు లేదు. ఆ వారమంతా రాజోలు గళ్ళు మాత్రం యథాప్రకారం నిండుతూనే ఉన్నాయి. కేబులు సంగతి కొండలరావు గారు సెల్‌లో చెప్పాడు, ఆవిడా వింది. విని కూడా అలవాటు కొద్దీ నింపేసింది. అంత అలసటలో ఆ రెంటికీ ముడి ఉందన్న స్పృహే కలగలేదు.

రాజబాబుకి కలిగింది. నెట్టు లేకుండా గళ్ళెలా నిండుతున్నాయని ఫోన్ చేసి అడిగాడు. ఇంక దాచి లాభం లేదని నాగదుర్గ అంతా చెప్పేసింది. కళ్ళ సంగతి, షుగరు సంగతి, పాస్‌వర్డ్ సంగతి. "ఆయనకి రెండు నెలలు సెలవిప్పించండి సార్. ఆపరేషనయ్యాక ఆయనే చేసుకుంటారండి," అని బతిమాలింది.

"అంటే ఆరు నెలల్నించీ రెండు డిపోలూ మీరొక్కరే చూస్తున్నారా?" అన్నాడు రాజబాబు. కోపంగా అనలేదు. అందుకే ఆవిడకి గుండె కుదుటపడింది. ఆ రాత్రి హాయిగా పడుకుంది.

మూడోనాడు సాయంత్రం కొండలరావు గారి పేరుతో లోపలికెళితే ఆయనకో మెయిలు వచ్చి ఉంది. రాజోలు డిపో లెక్క ఇకనుంచి అమలాపురం నుంచే నడుస్తుందనీ, నెలాఖరు తర్వాత ఆయన రానక్కర్లేదనీ, ఇన్నేళ్ళ సేవకి కృతజ్ఞతలనీ. తెర మీద, ఆయన చదవలేని ఇంగ్లీషు అక్షరాల్లో మర్యాదగా రాశారు.

అదే సమయానికి ఆయన ఫోన్ వచ్చింది. ఆ రోజు బేళ్ళు చెప్పాడు. ఆవిడ రాసుకుంది. మెయిలు మాట ఎత్తలేకపోయింది.

మర్నాడు పొద్దున్నే సెలవు పెట్టి రాజోలు వెళ్ళింది. ఇంటి అరుగు మీద ఆయనా, భార్య భూలక్ష్మీ కూర్చుని ఉన్నారు. నాగదుర్గ నిలబడే చెప్పింది. మెయిలులో ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పింది.

కొండలరావు గారు "ఆయ్" అన్నాడు. "సరేనమ్మా. ఆ తెరకేసి చూడలేక నేనూ అలిసిపోయేను," అన్నాడు.

భూలక్ష్మి అలా అనలేదు. "నువ్వు మంచికే చేశావమ్మా, కాదనను. కానీ మొదటి రోజే ఈయనకి కళ్ళు కనపడట్లేదని చెప్పేసుంటే జాలిపడి సెలవిచ్చేవారేమో. ఇప్పుడు ఈ మనిషి లేకపోయినా పనైపోతుందని నువ్వే చూపించేవు," అంది. అని, లోపలికెళ్ళి కాఫీ తెచ్చిచ్చింది. నాగదుర్గ ఆ గ్లాసు పట్టుకుని తలొంచుకుని తాగింది.

సంక్రాంతి వెళ్ళాక ఆయనకి ఆపరేషన్ అయింది. చూపు బాగానే వచ్చింది. మలికిపురంలో ఒక ఎరువుల కొట్లో కూర్చుంటున్నాడని కొత్తపేట డిపో గుమస్తా అబ్బులు చెప్పాడు. అక్కడ కంప్యూటర్ లేదట.

రాజోలు గళ్ళు నాగదుర్గకే ఉండిపోయాయి. జీతంలో కాస్త పెంచారు. పనితో పోలిస్తే ఆ పెంపు లెక్కలోకి రాదు. వేసవి మొదట్లో రాజబాబు చాట్‌లో ఇంకో మాట పెట్టాడు. కొత్తపేట అబ్బులు కూడా తరచూ తప్పులు చేస్తున్నాడు, ఆ గళ్ళు కూడా మీరే చూడగలరేమో అని.

నాగదుర్గ మంచిగా చెప్పడానికి ఏదైనా దొరుకుతుందేమోనని వెతుక్కుంది. దొరకలేదు. "చూడలేనండి. అబ్బులు గారే చేసుకుంటారు. తప్పులుంటే ఆయన్నే అడగండి," అని టైపు చేసింది. పక్కన నవ్వు బొమ్మ పెట్టలేదు.

జవాబు వస్తుందేమో చూడకుండా కంప్యూటర్ ఆపేసి, చెప్పులు వేసుకుని, ఇంకా వెలుతురుండగానే బస్టాండుకేసి నడిచింది.