తడి రెక్క

చెల్లెలికి తెల్లారితే రెక్కలే పని. రిమోటుతో ఎగరేసే గ్లైడరు విమానం విరిగిన రెక్కని బల్లమీద పడుకోబెట్టి, పగిలిన అంచుని ఏటవాలుగా అరగదీసి, నలిగిన ఫోము స్థానంలో కొత్తది అతికించి, పైన కార్బన్ గుడ్డ పరిచి రెసిన్ జిగురు పూస్తుంది. అక్కణ్ణించి ఇంటిల్లిపాది నోటికీ తాళమే. రెసిన్ గట్టిపడేలోగా దగ్గర ఏం మాట్లాడినా రెక్క పట్టేసుకుని, గాల్లోకి లేచాక అప్పజెబుతుంది. ఓసారి వదిన నోరుజారితే, పందెంలో ఎగరాల్సిన గ్లైడరు మైదానమంతా ఉల్లిపాయలు అడుగుతూ తిరిగింది. దాని తాలూకు మనిషి మళ్ళీ అన్న కొట్టు గడప తొక్కలేదు.

అందుకే అన్న ఆమె పనిచేసే గది కిటికీ మూయించేశాడు. ఒక రెక్క ఆరేసరికి ఇంకోటి తడిగా ఉండేది. అలా ఆమె నోరు విప్పే రోజే లేకుండా పోయింది. అన్న చెడ్డవాడేం కాదు. కొట్టు నడిచేది ఆమె చేతులమీదే, అవి పోతే తను జిగురు డబ్బాలు అమ్ముకోవాల్సిందే. ఆ భయమే అతనిచేత ఇదంతా చేయించింది.

గ్లైడర్లు తయారుచేసే కార్ఖానా మేనేజరమ్మ తన విరిగిన రెక్క ఇచ్చినప్పుడే అడిగింది. అదే మాట అడగడానికి మళ్ళీ వచ్చింది.

"మీ చెల్లెల్ని మా దగ్గర చేర్చండి. రెక్కల పనంతా తనకే అప్పజెబుతాను."

"తనకి ఇష్టం లేదండీ. కావాలంటే మీరే అడగండి," అంటూ అన్న గది తలుపు తీశాడు.

బల్లమీద మేనేజరమ్మ రెక్కే తడిగా ఉంది. చెల్లెలు నోరు మెదపలేదు. అన్న వెంటనే తలుపు మూసేశాడు.

"చూశారుగా. మౌనం అర్ధాంగీకారం."

"దేనికి?" అందావిడ. అన్న నవ్వేశాడు.

చెల్లెలికి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. రెక్కమీదికి వంగి, వాడక బొంగురుపోయిన గొంతుతో, "నేను వస్తాను," అంది.

బాగుచేసిన రెక్కని అన్నే ఎగరేసి చూపిస్తాడు. రెక్క ఆరాక, మైదానంలో మేనేజరమ్మ ముందు గ్లైడరు లేచింది, వేడిగాలి అందుకుని ఇంకా పైకి పోయింది. "నేను వస్తాను, నేను వస్తాను," అనడం మొదలెట్టింది. అన్న రిమోటుతో కిందికి దించబోయాడు. గాలి దిగనివ్వలేదు.

"ఎవరి గొంతండీ ఇది?" అంది మేనేజరమ్మ.

అక్కడున్నవాళ్ళెవరూ ఆ గొంతు విని ఎరగరు. వదినదని చెప్పినా నమ్మేస్తారు. కానీ అన్న కూడా దాన్ని విని ఏళ్ళయింది. అతనికి దుఃఖం ముంచుకొచ్చింది.

"మా చెల్లిదండీ."

ఇంటికెళ్ళి గది తలుపు తీశాడు. బల్లమీద ఇంకెవరిదో రెక్క, అప్పుడే రెసిన్ పూసింది. మాట్లాడొద్దని చెల్లెలు చెయ్యి అడ్డుపెట్టింది. తర్వాత మనసు మార్చుకోనని అన్నకి తనమీదే నమ్మకం లేదు. వంగి, ఆ తడిమీదే గట్టిగా అన్నాడు.

"వెళ్ళమ్మా. నేనే వెళ్ళమంటున్నాను."

చెల్లెలు చేతి తొడుగులు విప్పేసింది.